పేపర్‌కి ఫీజు కట్టాలా, రిపాజిటరీలో పెట్టుకోవాలా: ఏది మేలు?

"సార్, పేపర్ యాక్సెప్ట్ అయింది. ఓపెన్ యాక్సెస్ కావాలంటే ఫీజు కట్టమంటున్నారు. కట్టమంటారా?" రీసెర్చ్ స్కాలర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఓపెన్ యాక్సెస్ అంటే పేపర్‌ను ఎవరైనా ఉచితంగా చదవగలగడం. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి గత నెల ఇలాంటి మెయిలే వచ్చింది. రెండు రోజులు తర్జనభర్జన పడి, కట్టొద్దనుకున్నాం.

ఉన్న దారులు ముఖ్యంగా రెండు. ఏపీసీ (జర్నల్ రచయిత దగ్గర తీసుకునే ప్రచురణ ఫీజు) కట్టేసి, ప్రచురణ రోజు నుంచే పేపర్ అందరికీ తెరిచి ఉంచడం గోల్డ్. పైసా కట్టకుండా సబ్‌స్క్రిప్షన్ జర్నల్‌లోనే వేసి, మన ప్రతిని రిపాజిటరీలో, అంటే పేపర్లను ఉచితంగా దాచి చూపించే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టడం గ్రీన్.

గోల్డ్‌లో నిజమైన సుఖం ఉంది. తుది రూపంలోని పేపరే అందరికీ దొరుకుతుంది. సీసీ బై (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే) లైసెన్స్ ఉంటే రేపు ఎవరైనా మన పేరు చెప్పి దాన్ని తెలుగులోకి తెచ్చుకోవచ్చు, అనుమతి కోసం ఎవరికీ రాయక్కర్లేదు. ఎదురుచూపులు ఉండవు.

బాధంతా డబ్బుతోనే. ఫీజు రెండు వేల డాలర్లు అనుకుందాం. మన లెక్కలో లక్షన్నర దాటుతుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, అంటే నాలుగు నెలల ఫెలోషిప్‌కు మించిన మొత్తం. ఆ ఫెలోషిప్ కూడా లేకుండా చదువుతున్నవాళ్లు మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంతమందో! ఇక నేచర్ 2021లో ఈ దారి తెరిచినప్పుడు పెట్టిన ధర 9,500 యూరోలు. పేద దేశాల రచయితలకు ఇచ్చే పూర్తి మినహాయింపుల్లో సాధారణంగా మన దేశం పేరు ఉండదు. ప్రాజెక్టు గ్రాంటులో ఈ ఖర్చుకు పద్దు ఉంటే నిశ్చింతగా కట్టండి. ఇంట్లో అడిగి తెచ్చి మాత్రం కట్టకండి.

ఫీజు వసూలు మీదే బతికే నకిలీ జర్నళ్ల సంగతి మనకు మరీ దగ్గరిది. హైదరాబాద్ నుంచి నడిచిన ఒమిక్స్ సంస్థ సరైన పీర్ రివ్యూ (సాటి నిపుణుల పరిశీలన) లేకుండా, ఫీజుల విషయం దాచిపెట్టి రచయితలను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. ఫీజు అడిగే ప్రతి జర్నలూ నకిలీది కాదు, కానీ డబ్బు కట్టే ముందు ఎడిటోరియల్ బోర్డులో ఎవరున్నారో, నమ్మదగిన ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఆ జర్నల్ ఉందో లేదో చూడండి.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే. ఆ డబ్బు దేనికి కడుతున్నాం? పేపర్‌ను తెరవడానికైతే గ్రీన్‌లో ఆ పని ఉచితంగానే అవుతుంది. ఫీజు జర్నల్‌కు మారాలని చూసేవాళ్లను అడిగితే చాలాసార్లు అసలు మాట బయటికొస్తుంది: "ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువ సార్, ఇంటర్వ్యూలో అదే అడుగుతారు." ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు. నాలుగైదు పేపర్లు బాగా పేలితే ఆ సగటు పెరిగిపోతుంది. మీ పేపర్‌లో ఏముందో అది చెప్పదు. జర్నల్ అంకెతో మనిషిని కొలవొద్దని 2012లో మొదలైన డోరా ప్రకటన అడుగుతున్నదీ ఇదే. మన దగ్గర యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. 2025 ఫిబ్రవరిలో తాను గుర్తించిన జర్నళ్ల జాబితా, కేర్ లిస్ట్‌ను కూడా ఆపేసింది. ఇప్పుడు నిర్ణయం డిపార్ట్‌మెంట్ల చేతిలో ఉంది. పేపర్ చదివి మార్కులు వేయండని కమిటీలను అడిగే సమయం ఇదే. నేను కూర్చునే కమిటీల్లో అడుగుతూనే ఉన్నాను.

దేశం మొత్తానికి ప్రభుత్వమే జర్నళ్ల చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ఇంకా ఓపెన్ ఎందుకు అని కొందరంటున్నారు. అందులో దాదాపు 13,000 జర్నళ్లున్నాయి, గొప్ప సాయమే. కానీ అది ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేట్ కాలేజీ లెక్చరర్‌కు, సొంత క్లినిక్ నడిపే డాక్టర్‌కు ఆ తలుపు తెరుచుకోదు. మీ పేపర్ వరి తెగుళ్ల మీదైతే దాన్ని చదవాల్సినవాళ్లలో ఎందరు యూనివర్సిటీ బయట ఉన్నారో ఆలోచించండి.

అందుకే నా మొగ్గు గ్రీన్ వైపు. 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత రిపాజిటరీతో ఫిజిక్స్ వాళ్లు చేస్తున్నది ఇదే. బయాలజీకి బయోఆర్కైవ్ 2013లో వచ్చింది. ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమోనన్న భయం వద్దు, ప్రీప్రింట్ (రివ్యూకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) మీద పడే తేదీయే మీకు సాక్ష్యం. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం ముందు దరఖాస్తు వేసి, తర్వాతే ఏదైనా బయటపెట్టండి. గ్రీన్‌లో చికాకు ఎంబార్గో. చాలా జర్నళ్లు యాక్సెప్టెడ్ ప్రతిని (రివ్యూ తర్వాత దిద్దిన మన ఫైల్‌ను) ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఆగి పెట్టమంటాయి. ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో) అనే వెబ్‌సైట్‌లో జర్నల్ పేరు కొడితే ఏ ప్రతి ఎప్పుడు పెట్టవచ్చో తెలుస్తుంది.

చందా జర్నల్‌లోనే ఫీజు కట్టి ఒక్క పేపర్‌ను తెరిపించుకునే హైబ్రిడ్ దారి అవసరం లేదు. చందా కడుతూ మళ్లీ ఫీజు కట్టడమెందుకు? ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లలాగా రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు అడగనివి మీ సబ్జెక్టులో దొరికితే వేరే ఆలోచనే వద్దు.

ఒక్క జాగ్రత్త. యాక్సెప్టెన్స్ మెయిల్ వచ్చిన రోజే రివ్యూ తర్వాత దిద్దిన ఆఖరి వర్డ్ ఫైల్‌ను తేదీతో పేరు పెట్టి దాచుకోండి. ఆరు నెలల తర్వాత అడిగితే చాలామంది దగ్గర పబ్లిషర్ పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండటం లేదు. రిపాజిటరీలో పెట్టకూడనిది సాధారణంగా అదే.