'పాస్డ్' అన్నా నమ్మొద్దు: స్మార్ట్‌మోన్‌టూల్స్ సమీక్ష

చిన్న ఆఫీసుల లైనక్స్ సర్వర్లు చూసుకునే పనిలో ఏళ్లుగా నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్ స్మార్ట్‌మోన్‌టూల్స్. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే పెట్టుకునే లెక్కలను (వాటినే స్మార్ట్ అంటారు) ఇది చదివి చూపిస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. 2002లో బ్రూస్ అలెన్ మొదలుపెట్టారు. అడిగినప్పుడు డిస్కు పరిస్థితి చూపించేది స్మార్ట్‌సీటీఎల్, వెనకాల నడుస్తూ తేడా కనబడగానే మెయిల్ పంపేది స్మార్ట్‌డీ. ఇది లేకుండా ఏ సర్వరూ నడపకూడదని గట్టిగా చెబుతాను. కాకపోతే ఇది చెప్పేదాంట్లో ఏది పట్టించుకోవాలో తెలియాలి.

రిపోర్టు పైన కనిపించే 'పాస్డ్' అన్న మాటను అస్సలు నమ్మొద్దు. డిస్కు తయారుచేసిన కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితేనే అది 'ఫెయిల్డ్' అని మారుతుంది. ఆ హద్దు చాలా దూరంలో ఉంటుంది. నేను తీసి పక్కన పెట్టిన డిస్కుల్లో చాలావాటికి ఆఖరి రోజున కూడా 'పాస్డ్' అనే ఉంది.

నేను నేరుగా కింది పట్టికలో 5, 197, 198 నంబర్లు చూస్తాను. పాడైన సెక్టార్ల (డిస్కులో డేటా దాచే చిన్న చిన్న భాగాల) బదులు డిస్కు తన స్పేర్ సెక్టార్లను ఎన్ని వాడుకుందో 5 చెబుతుంది. చదవడం కుదరక పెండింగులో పెట్టినవి 197. డిస్కు తనంతట తాను చేసుకునే ఆఫ్‌లైన్ పరీక్షలో కూడా చదవలేకపోయినవి 198. చూడాల్సింది వరుస చివరన ఉండే రా వాల్యూ, అంటే అసలు లెక్క. 5 ఎదురుగా చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే నాకు టెన్షన్ లేదు. వారం వారం పెరుగుతుంటే మాత్రం కొత్త డిస్కు తెప్పిస్తాను. 197 సున్నా దాటితే ముందు బ్యాకప్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాను. ఆ సెక్టార్ మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడు ఈ అంకె తగ్గిపోవచ్చు. తగ్గింది కదా అని వదలకుండా డిస్కు మొత్తాన్ని పరీక్షించే లాంగ్ టెస్ట్ పెట్టాలి.

డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క 199. అది పెరిగితే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. కేబుల్ మార్చాక ఆ లెక్క సున్నాకి రాదు, పెరగడం ఆగితే చాలు. సీగేట్ కంపెనీ డిస్కుల్లో 1 (చదవడంలో తప్పులు), 7 (హెడ్ కదలికలో తప్పులు) ఎదురుగా కోట్లలో అంకెలు కనిపిస్తాయి, వాటి లెక్కే వేరు, భయపడక్కర్లేదు.

లాంగ్ టెస్ట్ నాకు అన్నిటికన్నా నచ్చింది. డిస్కు మొత్తం చదువుతుంది కాబట్టి పెద్ద డిస్కుకి గంటల తరబడి పడుతుంది. వారానికోసారి, ఆఫీసు మూసేశాక నడిచేలా స్మార్ట్‌డీకి చెప్పి ఉంచుతాను. ఏళ్లుగా ఎవరూ తెరవని ఫైళ్ల కింద పాడైన సెక్టార్లు బయటపడేది దీంతోనే. లేకపోతే రెయిడ్‌లో (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా పలు డిస్కులను కలిపి వాడే పద్ధతిలో) ఒక డిస్కు పోయి, కొత్తదానిలోకి డేటా తిరిగి నింపే రీబిల్డ్ నడుస్తున్నప్పుడు రెండో డిస్కులో అవి బయటపడతాయి. అంతకన్నా చెడ్డ సమయం ఉండదు.

ఒక అకౌంట్స్ ఆఫీసులో మొదట వచ్చిన ఫిర్యాదు "సిస్టమ్ స్లో అయింది సార్" అని. నెట్‌వర్క్ బాగానే ఉంది, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, ఐఓ వెయిట్ (డిస్కు జవాబు కోసం ప్రాసెసర్ ఎదురుచూసే సమయం) మాత్రం పైకి పోతోంది. సిస్టమ్ రాసుకునే కెర్నల్ లాగులో ఒకే డిస్కు మీద రీడ్ ఎర్రర్లు. మామూలు డెస్క్‌టాప్ డిస్కు పాడైన సెక్టార్‌ను చదవడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ సర్వర్ మొత్తాన్ని ఆపేస్తుంది. స్మార్ట్ అంకెలతో పాటు ఈ నెమ్మదితనాన్ని, టిక్ టిక్ శబ్దాన్ని కూడా హెచ్చరికగానే తీసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు వెనకున్న డిస్కులను చూడాలంటే కార్డు రకం, డిస్కు నంబరు మనమే ఇవ్వాలి. కొన్ని యూఎస్‌బీ పెట్టెల్లో అసలు పనిచేయదు. అన్నిటికన్నా పెద్ద పరిమితి, కొన్ని డిస్కులు ఏ సూచనా ఇవ్వకుండానే పోతాయి. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిల్లో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఒక్కటీ కదల్లేదు. అదే పత్రం ప్రకారం మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్కు తన ఉపరితలాన్ని తనే పరీక్షించుకునేటప్పుడు దొరికిన లోపం) వచ్చిన డిస్కు 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువ. అందుకే సూచన వస్తే ఆగకుండా మారుస్తాను, రాకపోయినా బ్యాకప్ ఆపను.

ఇన్‌స్టాల్ చేసిన రోజే స్మార్ట్‌డీ నుంచి టెస్ట్ మెయిల్ పంపి చూడండి. చాలా సర్వర్లలో ఆ హెచ్చరికలు ఎవరూ తెరవని రూట్ (అడ్మిన్ ఖాతా) మెయిల్‌బాక్సులోకి వెళ్లి పడుతుంటాయి.