సూర్యారావుపేటలో టిఫా స్కాన్: డాక్టరమ్మకి నూటికి నూరు, కౌంటరుకి పాస్ మార్కులే

మా ఆవిడకి ఐదో నెల. టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూసి లోపాలు వెతికే స్కాన్) బెజవాడలో ఎక్కడ బాగా చేస్తారని మొన్నటిదాకా నేనూ కనపడినవాళ్లందరినీ అడిగాను కాబట్టి, ఇప్పుడు అడుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. సెంటరు సూర్యారావుపేటలో, ఆసుపత్రుల సందుల్లోనే ఉంది. కౌంటరు వాళ్ల బాగోతం కూడా రాస్తున్నాను గనక పేరు మాత్రం వేయడం లేదు.

నాది ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. ఏ సెంటరుకి ఫోన్ చేసినా ముందు మెషీన్ గురించే చెప్పారు. ఫోర్ డీ అట, ఫైవ్ డీ అట, కొత్త మోడలట. మా ఆటోనగర్‌లో బండికి స్కానర్ తగిలించే కుర్రాళ్లు వీధికి పదిమంది ఉంటారు, అందులో వచ్చిన కోడ్ చూసి అసలు జబ్బు చెప్పేవాడు ఒక్కడుంటే గొప్ప. అందుకని నేను అడిగింది ఒకటే: స్కాన్ చేసేది ఎవరు, ఎంతసేపు చేస్తారు? ఒకచోట ‘పది నిమిషాల్లో పంపించేస్తాం సార్’ అని గొప్పగా చెప్పారు. అటు వెళ్లలేదు. ఇక్కడ మాత్రం ‘ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డల వైద్యం) డాక్టరుగారే చేస్తారు, అరగంట పైన పడుతుంది, బిడ్డ సరిగ్గా తిరగకపోతే ఇంకా లేటవుతుంది’ అన్నారు. ఆ చివరి మాట విని బుక్ చేశాను.

ఈ స్కాన్‌కి తేదీ ముఖ్యం. 18 నుంచి 22 వారాల మధ్య చేయించుకోమంటారు. మరీ ముందు వెళితే గుండెలాంటి చిన్న అవయవాలు వివరంగా చూసేంత పెరగవు. మా అత్తయ్యేమో మూఢం వెళ్లాక చూద్దామన్నారు. ‘ఇది శుభకార్యం కాదు కదమ్మా, పరీక్ష’ అని మా గైనకాలజిస్టు అంటే గానీ ఒప్పుకోలేదు. ఆలస్యమైతే చిక్కేమిటో కూడా ఆవిడే విడమరిచి చెప్పారు. ఏదైనా పెద్ద లోపం కనపడితే ఉమ్మనీరు పరీక్ష లాంటివి చేయించి, ఫలితం వచ్చేదాకా ఆగి, ఇంట్లోవాళ్లు ఒక నిర్ణయానికి రావడానికి టైమ్ కావాలి. 2021లో సవరించిన చట్టం ప్రకారం 24 వారాలు దాటాక, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. ముహూర్తం కోసం కూర్చుంటే ఆ గడువు కాస్తా కరిగిపోతుంది.

ఇక కౌంటరు. మేం వెళ్లింది సోమవారం పొద్దున, ఆసుపత్రుల రష్ అంతా అప్పుడే. అపాయింట్‌మెంట్ టైమ్ అని ఒకటి చెబుతారు గానీ నడిచేది టోకెన్. మధ్యలో ఎవరో తెలిసినవాళ్లు రాగానే టోకెన్లు ముందువెనకలయ్యాయి. గర్భిణులు కూర్చునే చోట కుర్చీలు చాలక మొగుళ్లమంతా మెట్ల మీద నిలబడ్డాం. డబ్బు కట్టేటప్పుడు ఫొటోల ఆల్బమ్ తీసుకోండని ఒకటే పోరు. స్కాన్‌కి 2,500 తీసుకున్నారు, ఆల్బమ్‌కి వేరే. బుగ్గలు కనపడే ఆ ఫొటో ముద్దుగానే ఉంటుంది, కాదనను. లోపాలు వెతికే పని ఎక్కువగా జరిగేది మాత్రం ఆ నలుపు తెలుపు బొమ్మలోనే. వద్దన్నాం.

ఆధార్ కార్డు, పాత స్కాన్ రిపోర్టులు తప్పక తీసుకెళ్లండి. ఫారం ఎఫ్ నింపి సంతకం పెట్టాలి, పిల్లలెంతమంది, ఆడా మగా అన్నీ రాయాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అది తప్పనిసరి. మా పిన్ని ఫోన్లో ‘చూచాయగా కూడా చెప్పరా?’ అంది. చెప్పించుకున్నవాళ్లకీ మూడేళ్ల దాకా జైలు పడొచ్చని గోడ మీద బోర్డు చదివి వినిపించాను.

లోపలికి ఒక్కరినే రానిస్తారు. అత్తయ్య కాసేపు అలిగారు, నేనే వెళ్లాను. ఇక్కడి నుంచి నాకు ఫిర్యాదే లేదు. డాక్టరమ్మ పొట్ట మీద జెల్ రాసి, తల దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చెబుతూ పోయారు. పుర్రె, మెదడులో నీటి గదులు, చిన్న మెదడు. పై పెదవి చూపించి ‘మొర్రి లేదు’ అన్నారు. గ్రహణం రోజు మా ఆవిడని మంచం దిగనివ్వని అత్తయ్య ఆ మాట వింటే బాగుండేది. వెన్నెముకని నిలువునా, అడ్డంగా రెండు రకాలుగానూ చూశారు. గుండె దగ్గరికి వచ్చేసరికి బిడ్డ బోర్లా తిరిగింది. వేరే చోటైతే ‘చూడటానికి వీలు కాలేదు’ అని రాసేసి పంపేవాళ్లేమో. ఈవిడ ‘కాసేపు నడిచి, ఏమైనా తాగి రండమ్మా’ అన్నారు. కింద బండి మీద బత్తాయి రసం తాగించి, సందు చివరిదాకా నడిపించి తీసుకొచ్చాను. ఈసారి తిరిగింది.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆ గుండె మీదే ఉన్నారు. నాలుగు గదులు, వాటి మధ్య గోడ, ఊపిరితిత్తులకి వెళ్లే నాళం, ఒంటికి వెళ్లే నాళం ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయా లేదా అని. పుట్టుకతో వచ్చే లోపాల్లో గుండెవే ఎక్కువట, దాదాపు నూటికి ఒకరికి ఉంటాయట. నాలుగు గదులు బాగున్నాయని వదిలేస్తే, ఆ రెండు నాళాలు తారుమారైన కేసు తప్పిపోవచ్చని చెప్పారు. తర్వాత పొట్ట, కిడ్నీలు, మూత్రాశయం, చేతులు, పాదాలు, బొడ్డుతాడులో మూడు రక్తనాళాలు, మాయ ఎక్కడ అంటుకుందో అది.

ఎడమ కిడ్నీ దగ్గర ఆగి మళ్లీ కొలిచారు. నాకు చెమటలు పట్టాయి. మూత్రం చేరే తిత్తి 5 మిల్లీమీటర్లు ఉందట. ఈ వారాల్లో 4 దాటితే రాసుకుంటారట. రిపోర్టులో రాసేసి ఊరుకోకుండా, కుర్చీ ఇటు తిప్పుకుని చెప్పారు: ‘చాలామంది పిల్లల్లో ఇది దానంతటదే తగ్గిపోతుంది. మిగతావన్నీ బాగున్నాయి. 32 వారాలకి మళ్లీ కొలుద్దాం, అవసరమైతే పుట్టాక ఇంకోసారి. ఇంటికెళ్లి ఫోన్లో వెతక్కండి.’ మా ఆవిడ టెన్షన్ అక్కడే సగం దిగింది. నా దృష్టిలో ఆ 2,500 ఈ అయిదు నిమిషాల మాటకే.

‘అంటే బిడ్డకి ఇంకే సమస్యా లేనట్టేనా?’ అని అడిగాను. అలా అనుకోవద్దన్నారు మొహమాటం లేకుండా. గుండె గోడలో మరీ చిన్న రంధ్రాలు కనపడకపోవచ్చు, కొన్ని లోపాలు నెలలు నిండేకొద్దీ బయటపడతాయి, చెవుడు లాంటివి స్కాన్‌లో తెలియవు. డౌన్ సిండ్రోమ్ సంగతి కూడా ఈ ఒక్క స్కాన్‌తో తేలదు. దానికి మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర కొలిచేది), రక్తపరీక్ష వేరే ఉన్నాయి. మావి అప్పుడే అయ్యాయి.

రిపోర్టు మధ్యాహ్నానికి ఇస్తామని సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇచ్చారు. పైగా చివరి నెలసరి తేదీ తప్పు కొట్టారు. దాంతో వారాల లెక్క మారిపోయి బిడ్డ ఎదుగుదల తక్కువున్నట్టు కనపడింది. అక్కడే నిలబడి పాత రిపోర్టు చూపించి దిద్దించాను. పేరు, వయసు, ఆ తేదీ సరిచూసుకోకుండా మెట్లు దిగకండి.

32వ వారం స్కాన్‌కి కూడా అక్కడికే, ఆ డాక్టరమ్మ దగ్గరికే. కాకపోతే సోమవారం మాత్రం కాదు. బైకు బందరు రోడ్డు వైపు పెట్టుకుని నడిచి రావడం నయం, ఆ సందులో కారుకి చోటు దొరకదు.