డ్రా.ఐఓ: మ్యాప్ గీస్తుంది, లెక్క మీరే కట్టుకోవాలి

ముడిసరుకు నుంచి డిస్పాచ్ దాకా పని ఎక్కడ ఎంతసేపు జరుగుతోందో, సరుకు ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో చూపే పటమే వ్యాల్యూ స్ట్రీమ్ మ్యాప్. దాని కోసం హైదరాబాద్ బాలానగర్ తరహా చిన్న మెషిన్ షాపు మైక్రోసాఫ్ట్ వారి విజియో లైసెన్సు కొనక్కర్లేదు. ఇలాంటి పటాలు గీసే డ్రా.ఐఓ సాఫ్ట్‌వేర్ ఉచితం, డెస్క్‌టాప్ యాప్ అయితే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఎడమ పక్క అడుగున ‘మోర్ షేప్స్’ నొక్కి ‘లీన్ మ్యాపింగ్’కు టిక్ పెడితే ప్రాసెస్ బాక్సు, ఇన్వెంటరీ త్రిభుజం, పుష్ బాణం లాంటివన్నీ పక్కన చేరతాయి.

చాలామంది వాడని సదుపాయం ఒకటుంది. బాక్సును ఎంచుకుని కంట్రోల్+ఎమ్ కొడితే డేటా విండో వస్తుంది. సైకిల్ టైమ్ (ఒక పీసుకు పట్టే సమయం), చేంజోవర్ (ఒక రకం పీసు నుంచి మరో రకానికి మెషిన్‌ను మార్చే సమయం), అప్‌టైమ్ (మెషిన్ ఆగకుండా నడిచే సమయ శాతం), ఆపరేటర్ల సంఖ్య అందులో ఎక్కించి, ‘ప్లేస్‌హోల్డర్స్’కు టిక్ పెట్టి, బాక్సు మీద ఆ పేరును రెండు శాతం గుర్తుల మధ్య రాస్తే విలువ దానంతటదే కనబడుతుంది. కనబడటం వరకే. మ్యాప్ అడుగున ఆగిన సమయాన్ని, పని సమయాన్ని చూపే టైమ్‌లైన్ మెట్లు వట్టి గీతలు, వాటిని కూడే బాధ్యత మీది. విజియోతో కలిసి నడిచే ఈవీఎస్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ లెక్కలు కూడా కడుతుంది గానీ, ఒకటో రెండో లైన్లున్న షాపుకు అంత హంగు దండగ. పక్కన ఎక్సెల్ షీటు చాలు.

అసలు తప్పులు దొర్లేది ఆ షీటులోనే. 8 గంటల షిఫ్టులో భోజనానికి 30 నిమిషాలు, రెండు టీలకు 20 పోతే మిగిలేది 430 నిమిషాలు, అంటే 25,800 సెకన్లు. కస్టమర్‌కు రోజుకు 430 పీసులు కావాలంటే టాక్ట్ టైమ్, అంటే ఒక్కో పీసుకు దొరికే సమయం, 60 సెకన్లు. మిల్లింగ్ ముందు 1,290 పీసులు ఆగి ఉంటే, ఆ నిల్వ ఎన్ని రోజుల నిరీక్షణో తెలియడానికి దాన్ని రోజువారీ 430తో భాగించాలి: 3 రోజులు. అలా కాకుండా 45 సెకన్ల సైకిల్ టైమ్‌తో గుణించేస్తే 58,050 సెకన్లు, అంటే రెండుంబావు షిఫ్టులే తేలుతుంది. ముప్పావు రోజు నిరీక్షణ కాగితం మీద మాయం!

అప్‌టైమ్ గడి కూడా అలంకారానికి కాదు. అది 80 శాతమైతే ఆ 45 సెకన్లు నిజానికి 56.25. 430 పీసులయ్యేసరికి మిగిలేది 27 నిమిషాల లోపే. ఒక్క చేంజోవర్ అరగంట పట్టినా ఆ రోజు ఆర్డర్ పూర్తవదు. అందుకే ఈ అంకెలు ఈఆర్పీ (కంపెనీ రికార్డుల సాఫ్ట్‌వేర్)లోంచి ఎత్తకండి. స్టాప్‌వాచ్ పట్టుకుని డిస్పాచ్ నుంచి వెనక్కి నడుస్తూ, ముందు ఏ3 కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోండి.

పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘ఇన్‌క్లూడ్ ఎ కాపీ ఆఫ్ మై డయాగ్రమ్’కు టిక్ పెడితే ఆ బొమ్మనే మళ్లీ తెరిచి దిద్దుకోవచ్చు. వాట్సాప్‌లో మాత్రం ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. ఫొటోగా పంపితే లోపలి డేటా పోయి ఉత్త బొమ్మ మిగులుతుంది.