మూసీ వరద ఫోటో కార్డులు కొనేవాళ్లు జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో పాత ఫోటో పోస్టుకార్డులు సేకరించేవాళ్లు దయచేసి ఇది చదవండి. 1908 మూసీ వరద నాటి అసలు ఫోటోలంటూ ఒకతను నకిలీ కార్డులు అమ్ముతున్నాడు. ఆరు కార్డులకు 9,000 రూపాయలు పెట్టి నేను మోసపోయాను.

మా ముత్తాత బతుకుదెరువుకు హైదరాబాద్ పోయి అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో పనిచేసేవాడు. ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారంటారు. మా ముత్తాత మాత్రం ఇంటికి రాలేదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. కనీసం ఆయన తిరిగిన వీధినైనా చూద్దామని ఆశపడ్డాను.

ఆ కార్డులమ్మేవాడు హనుమకొండ బస్టాండ్ దగ్గర, పొద్దుగూకినంక కలిశాడు. "అన్నా, మా తాత సందుగులో దొరికినయి. రాజా దీన్ దయాళ్ సొంతంగా తీసిన ఫోటోలు" అన్నాడు. చెయ్యి తగిలితే పాడైతయని ప్లాస్టిక్ కవర్లలోంచి తియ్యనియ్యలేదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ దీన్ దయాళ్ 1905లోనే చనిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చి చూస్తే ఒక కార్డులో నీళ్ల వెనకాల హైకోర్టు గుమ్మటాలు! ఆ భవనం కట్టింది వరద వచ్చిన ఎన్నో ఏళ్లకు, ఏడో నిజాం కాలంలో. మర్నాడు చౌరస్తాలో స్నేహితుడి షాపుకు పోయి, దొంగనోట్లు చూసే యూవీ లైటు కింద పెట్టాం. కాగితం నీలం పెట్టిన తెల్లచొక్కాలా మెరిసింది. తెలుపు కోసం అట్లా మెరిసే రసాయనం కలపడం 1950 ప్రాంతం నుంచే. అంతకు ముందటి కాగితం అట్లా మెరవదు.

భూతద్దం కూడా దగ్గరుంచుకోండి. నెగెటివ్ నుంచి కడిగిన ఫోటోలో చుక్కలుండవు, నలుపు నుంచి తెలుపు దాకా నున్నగా కలిసిపోతుంది. వాలుగా పట్టుకుంటే చాలా పాతవాటిలో నల్లటి చోట్ల వెండిలా తళుక్కుమంటుంది. ఆ రోజుల్లో ప్రెస్సులో అచ్చేసిన కార్డులూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి చుక్కలు వరసగా ఉంటాయి. అవి నకిలీవి కావు, కాకపోతే ఫోటో ధర పెట్టకూడదు. నావాటిలో నల్లటి నీళ్లలో కూడా ఎరుపు, నీలం, పసుపు చుక్కలు చెల్లాచెదురుగా కనిపించాయి. ఇంట్లో వాడే కలర్ ప్రింటర్ పనే అది.

ఫోన్ చేస్తే "పాత సామాను, వాపస్ లేదు" అని పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

అతని సంచిలో ఇంకా ముప్పై దాకా కార్డులు చూశాను. కవర్‌లోంచి తీసి చూపించనంటే డబ్బులు ఇవ్వకండి. వరద నీళ్ల వెనకాల హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తే అది ఆ కట్టలోదే.