శ్రీశైలం ఘాటా, గండికోటా: క్యాంపర్ వ్యాన్‌కు ఏది నయం?

కర్నూలు నుంచి అద్దె క్యాంపర్ వ్యాన్‌లో, అంటే లోపలే పడక, పొయ్యి ఉండే బండిలో, రెండు రోజులు కొండదారి పట్టాలంటే మా ఇంట్లో ఎప్పుడూ ఈ రెండు పేర్ల మీదే పంచాయితీ.

దారి అందం వరకైతే శ్రీశైలానిదే పైచేయి. ఆత్మకూరు దాటితే నల్లమల. దోర్నాల దగ్గర ఎడమకు తిరిగాక మలుపు మీద మలుపు. పోయినసారి రెండో మలుపుకే మా స్టీలు గ్లాసులు అరలోంచి దొర్లి డ్రైవర్ కాళ్ల కిందికి చేరాయి. అప్పటినుంచి సామానంతా దుప్పట్లో చుట్టి కడుతున్నాం. కానీ ఇది పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ ఉదయం ఆరుకే. మధ్యలో ఆపి పొయ్యి వెలిగించే మాటే లేదు. శిఖరం దగ్గర కిటికీ కాస్త తెరిచినా అరటిపళ్లు కోతులవే. ఇల్లు వెంట ఉండీ తలుపులు మూసుకుని పోయినట్టుంటుంది.

గండికోట దారి అంత బాగుండదు. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల లారీలు, దుమ్ము. పెద్ద ఘాట్ లేదు కాబట్టి పొడవాటి బండికి టెన్షన్ లేదు. నడుమ బెలుం గుహలున్నాయి. పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. జమ్మలమడుగులో నీళ్లు నింపుకోండి. తెల్లారి పెన్నా లోయ అంచున ఎర్రబండలు చూస్తూ టీ తాగొచ్చు.

వ్యాన్ తీస్తే నా ఓటు గండికోటకే. శ్రీశైలానికి కారు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రెండూ వద్దు, రేకు పెనంలా కాలిపోతుంది.