స్క్రియాబిన్‌ని ముందు ఏది వినాలి: ప్రెల్యూడ్‌లా, ‘జ్వాల వైపు’నా?

రష్యన్ సంగీతకర్త, పియానిస్టు స్క్రియాబిన్ పేరెత్తితే చాలు, ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. మామూలుగా దొరికే సలహా ఒకటే: ముందు ఓపస్ 11 (ఓపస్ అంటే రచన సంఖ్య)లోని 24 ప్రెల్యూడ్‌లు, అంటే చిన్న పియానో రచనలు, వినండి, చెవి అలవాటయ్యాక చివరి రచనలకు వెళ్లండి అని. నేను మాత్రం చివరి నుంచే మొదలుపెట్టమంటాను.

ప్రెల్యూడ్‌లు గొప్పవి కావని కాదు. పదహారేళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల వరకు, 1888–96 మధ్య రాసినవి. చాలావరకు నిమిషం, రెండు నిమిషాలే. పియానో సంగీతకర్త షోపాన్ మీది ప్రేమ ప్రతిదానిలో తెలుస్తుంది. మితిమీరిన సాధనతో కుడిచేయి దెబ్బతిన్న రోజుల్లో ఎడమచేతికి పెట్టిన పని ఫలితమో ఏమో, ఆ చేతికి రాసిన భాగాల్లో నిండుదనం ఉంటుంది. అయితే ఈ సంగీతంలో సగం రుచి కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఒక శ్రుతి విడిచి వెళ్లి మళ్లీ అక్కడికే చేరడంలో ఉంది. ఆ రాకపోకలు కర్ణాటక సంగీతానికి అలవాటైన మన చెవికి వెంటనే పట్టుబడవు. పైన వినిపించే బాణీని మాత్రం పట్టుకుని, ‘బాగుంది’ అనుకుని వదిలేస్తాం.

నా దృష్టిలో తేల్చే విషయం ఇదే. 1910 నాటి ఆర్కెస్ట్రా రచన ‘ప్రొమీథియస్’కి వచ్చేసరికి ఆయన ఆ రాకపోకలనే వదిలేశాడు. ఆరు స్వరాల ఒక కార్డ్ తీసుకుని, బాణీనీ దాని కిందున్న కార్డ్‌లనూ అందులోంచే అల్లాడు. ‘సి’ని షడ్జంగా పెట్టుకుంటే మిగతావి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే పంచమం తీసేసిన వాచస్పతి రాగం! ఇది కాకతాళీయమే, ఆయన రాగం కట్టలేదు. కార్డ్‌ని వేర్వేరు స్థాయిలకు జరుపుతూ పోతాడు కూడా. అయినా ఒక స్వరసముదాయంలోనే మునిగి ఉండటం మనకు కొత్త కాదు.

అందుకే 1914లో రాసిన ‘జ్వాల వైపు’ (ఓపస్ 72) వినమంటాను. ఐదారు నిమిషాల పియానో రచన. మంద్రంలో, చాలా మెల్లగా, అర స్వరం దిగే రెండు స్వరాలతో మొదలవుతుంది. ఆ రెండే మళ్లీ మళ్లీ వస్తాయి. కింద అలజడి మొదలవుతుంది, స్వరాలు పైకి ఎగబాకుతాయి, చివరికి తారస్థాయిలో కార్డ్‌లు దడదడా మోగుతాయి. థియోసఫీ (దివ్యజ్ఞాన సమాజం వారి తత్వం) చదివి, హిమాలయాల పాదాల దగ్గర ఏడు రోజులు సాగే ‘మిస్టీరియం’ అనే బృహత్ ప్రదర్శన జరిపి లోకాన్నే మార్చాలనుకున్న మనిషి ఈ ఒక్కదానిలో మొత్తం దొరుకుతాడు. పెదవి మీది పుండు విషమించి 1915లో, నలభై మూడేళ్లకే పోయాడు. ‘మిస్టీరియం’ చిత్తుప్రతుల్లోనే మిగిలింది.

ఐదో పియానో సొనాటా (కాస్త పెద్ద రచన) తొలి, చివరి రచనల మధ్య మంచి వంతెన, రెండోసారికి. కచేరీల్లో తరచూ వినిపించే తొమ్మిదో సొనాటా ఆ తర్వాత. పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే కాన్సర్టో, ఆర్కెస్ట్రాకి రాసిన మొదటి రెండు సింఫనీలు తీరిగ్గా వినొచ్చు.

ఎవరి వాయింపు? ‘జ్వాల వైపు’కి పియానిస్టు హోరోవిట్జ్. వాయిస్తున్న వీడియో కూడా ఉంది, వేళ్లను చూస్తూ వినండి. ప్రెల్యూడ్‌లకు మాత్రం స్క్రియాబిన్ అల్లుడు, పియానిస్టు సోఫ్రోనిట్‌స్కీ. రికార్డింగ్‌లు పాతవి, కాస్త గరగరమంటాయి. అయినా నేను ఆయన్నే వింటాను.