తెల్ల కణాలు 50,000 దాటాయి: ఇన్ఫెక్షనా, సీఎంఎలా?

రిపోర్టులో తెల్ల రక్తకణాలు 60,000 అని కనబడగానే గుండె ఝల్లుమంటుంది. పెద్దవాళ్లలో మామూలుగా ఉండేది 4,000–11,000 మధ్యే కదా! కానీ తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ అంత పెరగొచ్చు. దాన్ని ల్యుకిమాయిడ్ రియాక్షన్ అంటారు. అంకె ఒక్కటే చూసి సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా) అనే బ్లడ్ క్యాన్సర్ అనుకోకండి.

అసలు తేడా స్మియర్‌లో, అంటే రక్తపు చుక్కను గాజు పలకపై పరిచి మైక్రోస్కోప్‌తో చూసే పరీక్షలో దొరుకుతుంది. ఇన్ఫెక్షనైతే న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు) నిండా ముదురు రేణువులు, అంచున లేత నీలి మచ్చలు కనిపిస్తాయి. సీఎంఎల్‌లో మైలోసైట్ల వంటి పసికణాలు గుంపులుగా ఉంటాయి, బేసోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు పెరుగుతాయి. నేనైతే ముందు బేసోఫిల్సే చూడమంటాను. సీఎంఎల్‌లో ప్లీహం (స్ప్లీన్) కూడా తరచుగా ఉబ్బుతుంది.

ఇన్ఫెక్షన్ తగ్గాక కౌంట్ దిగివస్తుంది, సీఎంఎల్‌లో దిగదు. అలాగని ఎదురుచూస్తూ కూర్చోవద్దు, అనుమానముంటే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయించాల్సిందే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే ఆ జన్యువు సీఎంఎల్‌లో ఉంటుంది, ఇన్ఫెక్షన్‌తో పెరిగిన కణాల్లో ఉండదు.